జెర్డన్ దొర – అడవి ఉత్తతిత్తి

కుంఫిణీ కొలువుమీద తెలుగుదేశమునకు వచ్చి తెలుగు పలుకులను ప్రోగుచేసిన తెల్లవారిని తలచునప్పుడు మనకు మొదట స్ఫురించునది బ్రౌను దొర. ఆయన పండితులను చేరదీసి, తాటాకు ప్రతులను వెదకి తెప్పించి, 1852లో తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. ఆ సంగతి బడిపిల్లలకు గూడ తెలియును. కాని అదే కాలమున, అదే మదరాసు రాజధానిలో, మరియొక తెల్లవాడు కూడ తెలుగు మాటలను ఏరుకొనుచుండెను. ఈయన చుట్టు పండితులు లేరు. ఉచ్చులును వలలును పట్టిన యానాదులుండిరి. ఈయన ఏరినవి కావ్యములలోని మాటలు గావు, పిట్టల పేర్లు. పాలపిట్ట, జెముడుకాకి, పిగిలిపిట్ట, తోకపిగిలిపిట్ట వంటి పేర్లు లాటిను నామముల ప్రక్కన, ఇంగ్లీషు లిపిలో, శాస్త్రగ్రంథమునకెక్కినవి ఈయన చేతిమీదుగనే. ఆ వైద్యుని పేరు థామస్ జెర్డన్.

ఈయన పేరు మోయు పిట్ట యొకటి కలదు. ఇంగ్లీషువారు దానిని జెర్డన్స్ కోర్సర్ అందురు. కడప జిల్లావారు కలివికోడి యందురు. ఆ పిట్ట నిజముగ కనబడిన తావులను వరుసగ చెప్పుకొన్నచో నెల్లూరు ఎగువ కొండలు, కడప, అనంతపురము, గోదావరి ఒడ్డున భద్రాచలము, దానికి ఎగువను సిరివంచ. ఇవి అన్నియు తెలుగు వినబడు నేలలు. ప్రపంచమున మరెచ్చటను లేని పక్షి ఇంత ఖచ్చితముగ ఒక భాషవారి ఇంటిముంగిట నివసించుట అరుదు. ఆ పిట్ట కథ జెర్డన్ కథతో ముడివడియున్నది. ఒకదానిని విడిచి రెండవది చెప్పుటకు వీలులేదు.

జెర్డన్ 1811 అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండు ఉత్తరభాగమున డర్హము మండలమందు జన్మించెను. తండ్రిది స్కాట్లండు సరిహద్దున జెడ్‌బరో పరిసరములలోని పాత కుటుంబము. ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరి, మొదట సాహిత్య విద్యార్థిగ నుండి, రాబర్ట్ జేమ్సన్ అను ఆచార్యుని ప్రకృతిశాస్త్ర తరగతికి పోవుచు, తుదకు వైద్యమునకు మరలెను. ఆ జేమ్సన్ తరగతిలోనే, జెర్డన్‌కు కొంచెము ముందు, చార్లెస్ డార్విన్ కూర్చుండి విసుగుచెంది వెడలిపోయెను. ఒకే గురువు పాఠము ఒకనికి చేదగుటయు మరియొకనికి తీపి యగుటయు ఉపాధ్యాయులకు తెలియని వింతగాదు.

కుంఫిణీవారు 1835లో ఆయనను సహాయ వైద్యునిగ నియమించిరి. 1836 ఫిబ్రవరిలో మదరాసున దిగెను. మొదటి మజిలీ గంజాము. జ్వరములతోను రక్తగ్రహణితోను తీసికొనుచున్న సిపాయిలకు మందులిచ్చుట ఉద్యోగము. ఆ మన్యపుటంచులలో, తూర్పు కనుమల నీడలో, తీరిక దొరికినప్పుడెల్ల తుపాకి భుజమున వైచుకొని పక్షులను కొట్టి, చర్మములను ఒలిచి, ఆరబెట్టి దాచుట వ్యసనము. నేటివారికి ఈ కొట్టుట రుచింపదు. దూరదర్శినులు, ఛాయాచిత్రములు లేని ఆ కాలమున పిట్టను చేతబట్టి కొలువనిదే దాని గుర్తు నిలుచు మార్గము లేకుండెను. ఆ మాట చెప్పి ముందుకు సాగుట మంచిది.

అట్లు ప్రోగైన మొదటి సంచయమును ఆయన స్కాట్లండులోని సర్ విలియం జార్డిన్ అను పేరుమోసిన పక్షిశాస్త్రజ్ఞునికి పంపెను. ఏ పిట్ట ఏదో, వీనిలో కొత్తవి ఎన్నియో, పోల్చి చెప్పవలసినదని ఆయన కోరిక. ఓడ నెలలతరబడి పయనించెను. పెట్టె జార్డిన్ ఇంటికి చేరి తెరువబడునప్పటికి లోపల పురుగు పట్టి చర్మములు పాడైపోయెను. మన్యమున జ్వరములకోర్చి చేసిన శ్రమ పొట్టుగ మారినది.

ఈ నష్టము జెర్డన్ జీవితమును మలుపు త్రిప్పినదని చెప్పవచ్చును. అదివరకటి పద్ధతి యొకటుండెను: ఇండియాలోనివాడు సేకరింపవలెను, సీమలోనివాడు పేరు పెట్టవలెను. పెట్టె పాడగుటతో ఆయన ఆ పద్ధతికోసము వేచియుండుట మానెను. తన గుర్తులను తానే వ్రాసి, తన కంటినే నమ్మి, మదరాసునందలి సాహిత్యశాస్త్ర పత్రికలో 1839–40లలో దక్షిణ ద్వీపకల్పపు పక్షుల పట్టికను ప్రకటించెను. అందు ఉన్నవి నాలుగు వందల ఇరువది జాతులు. ఆనాటికి ఈ దక్షిణాది పక్షులను గూర్చి అంత పెద్ద పట్టిక మరియొకటి లేదు. ప్రక్కన పెద్ద గ్రంథాలయము లేదు, పోల్చి చూచుకొనుటకు చిత్రవస్తుశాల లేదు, అశ్వదళముతో ఊరూరు తిరుగు బ్రతుకు. తప్పులు దొర్లినవి. ఆయనయే తరువాతి గ్రంథములలో అనేకము సవరించుకొనెను. ఇందు ఆయనకు చేయూతనిచ్చిన వారిలో ముఖ్యుడు వాల్టర్ ఎలియట్. మదరాసు ప్రభుత్వపు ఉన్నతోద్యోగి, అమరావతి శిల్పములను త్రవ్వించినవాడు, మొక్కల తెలుగు పేర్లను కూర్చి 1859లో ఫ్లోరా ఆంధ్రికా అను పుస్తకమును వెలువరించినవాడు. నిఘంటువునకు బ్రౌను, చెట్లకు ఎలియట్, పిట్టలకు జెర్డన్. ముగ్గురును ఒకే రాజధానిలో ఒకే తరమువారు.

1841లో జెర్డన్ నీలగిరులకు పోయి, అచ్చట ఫ్లోరా మెక్లియాడ్ అను యువతిని వివాహమాడెను. ఆమె పూలను, ముఖ్యముగ ఆర్కిడ్ జాతి పూలను, చక్కగ చిత్రింపగలదు. పిమ్మట నెల్లూరున సివిల్ సర్జనుగ నాలుగేండ్లు గడచెను. పక్షిశాస్త్రపు లెక్కలో ఆయన బ్రతుకునందలి కోతకాలమిది.

నెల్లూరు సీమలో ఒక ప్రక్క సముద్రము, పులికాటు ఉప్పునీరు, శ్రీహరికోట అడవి. మరియొక ప్రక్క వెలిగొండలు. ఈ రెంటి నడుమ ఉన్న ప్రతి పొదను ఎరిగినవారు యానాదులు. తేనె తీయుట, వేర్లు త్రవ్వుట, మందుమొక్కలు తెచ్చుట, ఎలుకలను పట్టుట, ఉచ్చులొడ్డుట వారి జీవనము. శ్రీహరికోటను 1835లో కుంఫిణీ ప్రభుత్వము తన చేతిలోనికి తీసికొని, అడవి సరకులను యానాదులచేతనే తెప్పించుకొనుచుండెను. పట్టణమందలి పెద్దలకు వారు అడవిమనుష్యులు. జెర్డన్‌కు మాత్రము వారు గురువులైరి. వేట కుక్కను పిలిచినట్లు పిట్టను తెమ్మని చెప్పి పంపినవాడు కాడాయన. ఈ పిట్టను మీరేమందురు, ఎచ్చట తిరుగును, ఏమి తినును అని అడిగి, విన్నదానిని అచ్చునకెక్కించినవాడు. ఆయన గ్రంథములలో తెలుగు పేర్లు దండిగ కనబడుటకు కారణమిదియే. సంస్కృతము వచ్చినవారిని అడిగియుండినచో నీలకంఠము, భరద్వాజము వంటి పేర్లు దొరకియుండును. యానాదిని అడుగుటవలన పాలపిట్టయు జెముడుకాకియు దొరికినవి. జెముడు పొదలలో దూరి తిరుగు ఆ ఎర్రరెక్కల పిట్టకు అంతకంటె తగిన పేరేదియు లేదు. పేరు వినగానే దాని నెలవు తెలియును. ఆ పేర్లను చెప్పిన యానాదుల పేర్లు మాత్రము చరిత్రలో నిలువలేదు. ఇది జెర్డన్ యొక్కని లోపము గాదు, ఆ కాలపు అలవాటు. లోపమే యని మాత్రము ఒప్పుకొనవలెను.

నెల్లూరుననుండగనే ఆయన మరియొక సాహసమునకు దిగెను. మదరాసులోని మనదేశపు చిత్రకారులచేత పక్షుల బొమ్మలు వ్రాయించి, రాతియచ్చున తీయించి, చేతితో రంగులు వేయించి, 1843 మొదలు 1847 వరకు యాబది చిత్రముల సంపుటమును ప్రకటించెను. నిలువ చర్మమును చూచి సీమలో వ్రాసిన బొమ్మలకంటె బ్రతికిన పిట్టను చూచినవాని చేతి బొమ్మకు నడక వేరు, నిలకడ వేరు.

ఉత్తతిత్తి ఆయన చేతికి చిక్కినది ఈ తావులలోనే. నెల్లూరికి పడమట కొండలెక్కి కడప వైపు పోవునప్పుడు, చెట్లు దట్టముగ లేక, బయలుగను లేక, ముళ్ల పొదలును వాటి నడుమ నేలయు కలిసియుండు చోట్ల ఈ పిట్ట తిరుగుచుండెను. పల్లపు నేలలో దానిని ఆయన చూడలేదు. పొడవు ఇరువది యేడు సెంటీమీటర్ల ప్రాంతము. పొడవైన కాళ్లు. కంటిమీద వెడల్పుగ తెల్లని చార, గొంతున కావిరంగు మచ్చ, రొమ్ము మీద తెల్లని ఎడము విడిచిన రెండు గోధుమ పట్టెలు, పిట్ట పరిమాణమునకు మించిన పెద్ద కన్నులు. బీళ్లలో పరుగులెత్తు మామూలు ఎర్ర చిటవకు ఇది చుట్టమని తోచును. కాని ఆ చుట్టమునకు ఈ పట్టెలు లేవు, అది పొదలను ఆశ్రయింపదు.

జెర్డన్ ఈ పిట్టను కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ చిత్రవస్తుశాలకు పంపెను. అచ్చటి పాలకుడు ఎడ్వర్డ్ బ్లైత్. చాలని జీతము, చాలీచాలని వసతి, అయినను ఇండియా నలుమూలలనుండి వచ్చు పెట్టెలను తెరచి పోల్చి చెప్పుటలో ఆనాడు ఆయనకు సాటి లేడు; డార్విన్ సయితము ఆయనకు జాబులు వ్రాసి సందేహములు తీర్చుకొనుచుండెను. ఈ పర్యాయము పెట్టె సముద్రము దాటలేదు, పురుగు పట్టలేదు. 1848లో బ్లైత్ దీనిని కొత్త జాతిగ ప్రకటించి బైటార్క్వేటస్ అను పేరిడెను. లాటినున దానికి రెండు కంఠహారములు కలది యని అర్థము. పట్టెలను హారములుగ భావించుట మన కవులు చేయు పనియే.

ఆ లాటిను నామము ప్రక్కన జెర్డన్ తెలుగు పేరును గూడ వ్రాసెను: అడవి ఉత్తతిత్తి. ఉత్త యనగ వట్టి, తిత్తి యనగ తోలుసంచి. కనుక అడవిలోని వట్టిసంచి యని తరువాతివారు కొందరు ఇంగ్లీషున అర్థము చెప్పిరి. ఒక పిట్టను ఎవరైనను వట్టిసంచి యని ఏల పిలుతురు? జెర్డన్ వ్రాసినది ఇంగ్లీషు లిపి. అందు తకారమునకును టకారమునకును ఒకటే అక్షరము. ఆ పేరును తిత్తి యని చదువవచ్చును, టిట్టి యనియు చదువవచ్చును. టిట్టి యని చదివినచో వెంటనే టిట్టిభము స్ఫురించును. పంచతంత్రమున సముద్రముతో పంతమాడిన పక్షి యదియే. మన తీతువు, చిటవ మొదలగునవియు ఆ కుటుంబపు పేర్లే. అన్నియు కూతనుబట్టి పుట్టినవి. ఈ పిట్టయు రెండక్షరముల కూతను వెంటవెంట పలుకునది. కావున యానాది చెప్పినది సంచి పేరు గాదు, వినబడిన కూత యని తలచుటయే సబబుగ తోచును. ఇది ఊహయే, కాని ఈ ఊహకు ఒక ఫలితమున్నది. కూతనుబట్టి పేరు పెట్టినవారు ఆ పిట్టను చూచినదానికంటె విన్నది యెక్కువ యనుట. ఎప్పుడు వినిరి? ఈ ప్రశ్నను ఆనాడు ఎవరును వేసికొనలేదు. సమాధానము నూటముప్పది యేండ్లకు పైగ ఆగవలసివచ్చెను.

ఒక పక్షిని గుర్తించుట యనునది పేరు పెట్టుటతో ముగియదనుటకు ఇది యొక్కటే సాక్ష్యము గాదు. అమెరికా ఖండములందు మాత్రమే జీవించు హమ్మింగ్ పక్షులలో అన్నింటికంటె పెద్దది ఆండీస్ పర్వతములలో నున్నది. మన తేనెపిట్టలు దాని బంధువులు గావు, పోలిక మాత్రమే. ఆ రాక్షస హమ్మింగ్ పక్షికి 1824లోనే శాస్త్రనామము పెట్టిరి. రెండు శతాబ్దములు అందరును దానిని ఒకే జాతి యనుకొనిరి. 2024లో, పిట్టల వీపున చిన్న యంత్రములు కట్టి వాటి పయనములను అనుసరించియు, జన్యువులను పోల్చియు చూడగ, ఎత్తైన కొండలపైననే యుండునది ఒక జాతి, వలసపోవునది మరియొక జాతి యని తేలెను. రూపమున భేదము దాదాపు లేదు, బ్రతుకుననే భేదము. చర్మములను మాత్రమే చూచినవారికి అది తెలియుటకు వీలులేకపోయెను.

జెర్డన్ మలబారు తీరమున తెల్లిచెర్రికి మారెను. అచ్చట పక్షులు చాలక చీమలమీద దృష్టి నిలిపి, 1851లో దక్షిణ ఇండియా చీమల పట్టికను ప్రకటించెను. అందు నలుబది యేడు జాతులను వర్ణించెను. పెద్ద కన్నులతో, పొడవైన దవడలతో, ముట్టినచో ఎగిరి గంతువేయు చీమ యొకటి మన అడవులలో నున్నది. దానిని తొలుత వర్ణించినది ఈయనయే. తరువాత మధ్యభారతమున సాగరు, అనంతరము హిమాలయములలో డార్జిలింగు. అనారోగ్యముచేత సెలవుపై అచ్చట నుండగ ఉత్తరాది పక్షులను పరిచయము చేసికొనెను. అప్పటి వైస్రాయి కానింగ్ ప్రభువు ఆయనను వైద్యపు పనులనుండి తప్పించి, ఇండియా జంతుజాలముపై గ్రంథములు వ్రాయుటకు ప్రత్యేకముగ నియమించెను. ఇరువది యైదేండ్లు తీరికవేళల చేసిన పని ఉద్యోగమే యైనది.

ఫలితము ఇండియా పక్షులను గూర్చిన మూడు సంపుటములు. కలకత్తాలో 1862 మొదలు 1864 వరకు అవి వెలువడెను. వేయికి పైగ జాతులు, ప్రతిదానికి రూపము, నెలవు, నడవడి, దేశభాషలలో పేర్లు. అంతవరకు ఒక పిట్టను గుర్తింపదలచినవాడు పలు పత్రికల పాత సంచికలను తిరుగవేయవలసియుండెను. ఇప్పుడు అడవి మధ్య గుడారమున కూర్చున్న ఇంజనీరు, తహశ్శీలు పర్యటనలోనున్న కలెక్టరు, బొగ్గు వెదకు భూగర్భశాస్త్రజ్ఞుడు పుస్తకము తెరచి తన చేతిలోని పిట్ట ఏదో చెప్పగలడు. కాంగ్రెసు మహాసభకు అంకురార్పణ చేసిన హ్యూము దొర పెద్ద పక్షిశాస్త్రజ్ఞుడని అందరికి తెలియదు. ఆయనయు ఆయన మిత్రులును పక్షులను జెర్డన్ గ్రంథమునందలి సంఖ్యలతోనే పేర్కొనుచుండిరి. 1867లో క్షీరదములపై గ్రంథము వెలువడెను. సరీసృపములు, చేపలు మిగిలియుండెను.

ఆ పుస్తకము చేసిన మేలును చూడవలెనన్నచో భద్రాచలమునకు రావలెను.

1860లో నైజాము ప్రభువు గోదావరి ఎడమగట్టునందలి తాలూకాలను ఇంగ్లీషువారికి విడిచెను. సిరివంచ ముఖ్యపట్టణముగ ఎగువ గోదావరి జిల్లా యేర్పడెను. భద్రాచలము అందొక భాగము. ధవళేశ్వరపు ఆనకట్ట కట్టిన కాటన్ దొర ఆశలో గోదావరి ఎగువకు పడవలు నడపవలెను. దుమ్ముగూడెమువద్ద ఆనకట్టయు కాలువయు అందులకే. 1871లో ప్రభుత్వము ఆ రాకపోకల పథకమును విరమించెను. అదే కాలమున భూగర్భశాఖవారు గోదావరి లోయలో బొగ్గుకై రాళ్లు పరీక్షించుచుండిరి. 1871లోనే ఆ శాఖకు చెందిన కింగ్ అను ఉద్యోగి ఇల్లెందు వద్ద బొగ్గును గుర్తించెను. సింగరేణి కథకు అది మొదలు. ఆ శాఖవాడే విలియం బ్లాన్‌ఫర్డ్. 1832లో లండనులో పుట్టి, 1855లో ఉద్యోగమున చేరి, ఒరిస్సాలోని తాల్చేరు బొగ్గుగనుల వద్ద గుండ్రని బండరాళ్లను చూచి, ఒకనాడు ఈ వేడిదేశమున మంచు కదలినదని చెప్పిన బృందమునకు చెందినవాడు. ఆయన కన్ను నేలమీద, చెవి చెట్టుమీద.

1870నకు ఇటునటుగ సాగిన ఆ గోదావరి సంచారములందు బ్లాన్‌ఫర్డ్, సిరివంచ సమీపమునను భద్రాచలము సమీపమునను పలుచని అడవిలో, పొడవైన పొదల నడుమ, రెండు పట్టెల పిట్టను కనుగొనెను. పెన్నా లోయకు వందల మైళ్ల దూరమున అది ఉండునని అదివరకు ఎవరికి తెలియదు. కనులబడిన వెంటనే దానిని పోల్చుటకు ఆయనకు సీమకు పెట్టె పంపవలసిన పని కలుగలేదు. జెర్డన్ గ్రంథమున గుర్తులు స్పష్టముగ నుండెను. ముప్పది యేండ్ల క్రింద గంజామునుండి పోయి పురుగుతిన్న పెట్టెకు ఇది జవాబు.

బ్లాన్‌ఫర్డ్ తరువాత బ్రిటిషు ఇండియా జంతుజాలమను బృహద్గ్రంథమాలకు సంపాదకుడై, జెర్డన్ తలపెట్టి ముగింపలేకపోయిన పనిని ముందుకు నడపెను. 1898లో తానే వ్రాసిన పక్షుల నాలుగవ సంపుటమున ఈ పిట్ట గోదావరి, పెన్నా లోయలలోని అరుదైన జాతి యని చేర్చెను. 1874లోనే భద్రాచలము, రేకపల్లె తాలూకాలు మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిసెను. 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాకు వచ్చెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యేర్పడెను. సరిహద్దులు ఇన్ని మార్లు మారినవి. ఆ పొదలలో పిట్ట ఏమైనదో మాత్రము ఏ జిల్లా లెక్కలోను లేదు.

జెర్డన్ 1868లో కొలువు విడిచెను. విడిచిన పిమ్మటను విశ్రాంతి లేదు; మిగిలిన సంపుటములకై అస్సాము కొండలు తిరిగెను. గౌహతిలో తీవ్రమైన జ్వరము సోకినది. మన్యపు జ్వరములకు మందిచ్చుటతో మొదలైన ఉద్యోగము అట్టి జ్వరముతోనే ముగిసెననవలెను. 1870లో సీమకు చేరి, 1872 జూన్ 12వ తేదీన లండను దక్షిణ భాగమునందలి అప్పర్ నార్వుడున మరణించెను. వయస్సు అరువది. సరీసృపముల గ్రంథము పూర్తికాలేదు. ఒక డేగ, ఒక భరతపక్షి, ఒక ఆకుపిట్ట, ఒక పునుగుపిల్లి, ఒక సముద్రసర్పము ఆయన పేరుతో మిగిలినవి. అన్నింటికంటె ఆశ్చర్యకరముగ మిగిలినది ఉత్తతిత్తి.

ఏలయనగ అది మాయమైనది. 1900లో హోవర్డ్ కాంబెల్ అను ఆయన అనంతపురము సమీపమున దానిని చూచెను. ఆపైన జాడలేదు. 1931లో సాలిం అలీ నైజాము రాజ్యమంతటను పక్షులను పరిశీలించెను; అది కనబడలేదు. తరువాత పెన్నా ప్రాంతములలో వెదకిరి, దొరకలేదు. అంతరించినదని చాలమంది నిశ్చయించుకొనిరి. వెదకినవారందరును పగలు వెదకిరి. పిట్టల పరిశీలన తెల్లవారుజామున ప్రారంభించి ఎండ ముదిరినంతనే ముగించుట వాడుక గదా.

1980లలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ తరపున భరత్ భూషణ్ అను యువశాస్త్రజ్ఞుడు కడప ప్రాంతమునకు వచ్చెను. ఆయన బృందము పిట్ట బొమ్మను చూపుచు పల్లెలలోని వేటకాండ్రను, గొర్రెలకాపరులను విచారించెను. జెర్డన్ నెల్లూరున చేసిన పనియే ఇది. నడుమ దానిని చేయుట మరచిరి. ఆ పిట్టను మేమెరుగుదుము, కలివిపొదలలో నుండును, రాత్రిపూట తిరుగును అని చెప్పినవారు దొరికిరి. 1986 జనవరిలో, బద్వేలు చేరువ రెడ్డిపల్లె ప్రాంతమున, స్థానికుడైన వేటగాడు ఒకడు రాత్రివేళ దీపపు వెలుగున ఒక పిట్టను సజీవముగ పట్టి తెచ్చెను. ఎనుబది యారేండ్ల తరువాత ఉత్తతిత్తి మనుష్యుల చేతికి వచ్చినది. ఆ పెద్ద కన్నులు ఎందులకో అప్పుడు తెలిసినది. అది చీకటిపిట్ట. అందుకే కూత పేరైనది, రూపము కాలేదు. పట్టుబడిన పిట్ట కొలది దినములకే చనిపోవుట విచారకరము. ఆ వార్తను వినుటకు సాలిం అలీ జీవించియుండెను. 1987లో ఆయన గతించెను.

పిట్ట కొరకు 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడెను. తరువాతివారు పొదల నడుమ మెత్తని మట్టిపట్టీలు పరచి రాత్రి అడుగుజాడలను చదివిరి. తమంతట ఛాయాచిత్రములు తీయు పరికరములను అమర్చిరి. కూతను ధ్వనిముద్రణ చేసి, తిరిగి వినిపించి, బదులు పలుకునేమోనని ఆలకించిరి. తెలుగుగంగ కాలువ త్రవ్వకము 2005 ప్రాంతమున ఆ నెలవును తాకగ, కాలువ దారిని మార్చవలసివచ్చెను. పొదలను కట్టెలకై నరికినచో పిట్టకు చోటు లేదు. పశువులు తిరుగక పొదలు పూర్తిగ కమ్ముకొన్నను చోటు లేదు. దట్టమును గాక బయలును గాక, నడుమనుండు నేల దానికి కావలెను. జెర్డన్ తన గ్రంథమున చెప్పిన నెలవే ఇది.

2013లో స్కాట్లండునందలి అబర్డీన్ విశ్వవిద్యాలయపు జంతుశాలలో ఒక గ్రుడ్డు బయటపడెను. 1917లో కోలారు బంగారుగనుల ప్రాంతమున పశువైద్యుడొకడు సేకరించి దాచినది. జన్యుపరీక్షలో అది ఉత్తతిత్తిదే యని తేలెను. అంతవరకు ఆ పిట్ట గ్రుడ్డు ఎట్లుండునో లోకమునకు తెలియదు. జార్డిన్ ఇంటికి పోయిన పెట్టె పాడైనది గాని, అదే స్కాట్లండున, తొంబది యారేండ్లు ఎవరును అడుగక, ఈ గ్రుడ్డు చెడక నిలిచియుండెను. కడపవారు ఆ పిట్టను గూర్చి చెప్పిన మాట విని కనుగొనినట్లు, గోదావరి ఒడ్డున కోయల నడిగి, చీకటిలో పొదలవెంట తిరిగి దానిని కనుగొన్న వార్త మాత్రము రాలేదు. భద్రాచలపు తావున బ్లాన్‌ఫర్డ్ వ్రాసినదే నేటికిని కడపటి నమోదు.